చీలిక పొడవా, వెడల్పా? సముద్రపు చమురు బావుల చుట్టూ పాత తగువు

ఫ్రాక్చరింగ్ చేసిన, అంటే ఇసుక కలిపిన ద్రవాన్ని అధిక పీడనంతో పంపి రాతిని చీల్చిన సముద్రపు బావిలో మొదటి నెలల్లో చమురు బాగా వచ్చి, తర్వాత గబగబా పడిపోయినప్పుడల్లా ఒకే తగువు లేస్తుంది. లోపం రాతిదా, మనం చేసిన చీలికదా? చీలికదే అయితే అది పొడవు చాలకా, వెడల్పు చాలకా? 1947లో కాన్సాస్‌లో చేసిన తొలి ప్రయోగం కథ చాలామందికి తెలిసిందే. ఈ తగువు మూలం మాత్రం 1980ల నార్త్ సీలో, నార్వేకు చెందిన వాల్‌హాల్ క్షేత్రంలో ఉంది.

1982లో ఉత్పత్తి మొదలైన వాల్‌హాల్‌లో చమురు ఉన్నది మెత్తటి సుద్దరాతిలో. రంధ్రాలు పుష్కలం, వాటి మధ్య దారులే ఇరుకు. చమురుతో పాటు సుద్ద కూడా బావిలోకి కొట్టుకొచ్చేది. ఇలాంటి రాతిలో చీలికను ఎంత దూరం పంపినా, పీడనం తగ్గాక, చీలికను తెరిచి ఉంచాల్సిన ఇసుక గోడల్లోకి దిగబడి దారి సన్నబడుతుంది. అందుకే అక్కడ ఇసుక కావాలనే చీలిక కొన దగ్గర ఇరుక్కునేలా చేశారు. పొడవు ఆగిపోయింది. పంపింగ్ మాత్రం ఆపలేదు. ముందుకు పోలేని చీలిక అడ్డంగా ఉబ్బింది, అందులో ఇసుక మందంగా పట్టింది.

దీని వెనకున్న లెక్కను సింకో-లే, సమానియెగో అనే పరిశోధకుల బృందం 1978లోనే చూపింది. చీలికలోని ఇసుక పారగమ్యతను (ద్రవం ఎంత సులువుగా పారుతుందో చెప్పే కొలతను) వెడల్పుతో గుణించి, రాతి పారగమ్యత, బావికి ఒక వైపు చీలిక పొడవుల లబ్ధంతో భాగించాలి. ఆ సంఖ్య చిన్నదైతే ఎంత పొడవు పెంచినా ఫలితం నామమాత్రమే.

షేల్ అనే బిగుతైన పొరల రాతి నుంచి చమురు తీసే హడావుడిలో ఇది మరుగున పడిందని నా అభిప్రాయం. పారగమ్యతకు ప్రమాణం డార్సీ; షేల్‌ది మాత్రం నానోడార్సీల్లో కొలుస్తారు. అంత బిగుసుకుపోయిన రాయి ఇచ్చే కాస్త చమురుకు సన్నటి చీలికైనా సరిపోతుంది. ఒక మిల్లీడార్సీ అంటే పది లక్షల నానోడార్సీలు. సముద్రం కింద ఒక మిల్లీడార్సీ రాతికి షేల్ డిజైన్ తెచ్చి పెడితే, రాయి ఇవ్వగలిగినంత చమురును చీలిక మోయలేదు.

సముద్రంలో బావులు తక్కువ కాబట్టి ఒక్కోటి వీలైనంత ఎక్కువ రాతిని తాకాలన్నది పొడవైన చీలికలు కోరేవారి మాట. అది న్యాయమే. కానీ ఉత్పత్తి పడిపోగానే రాతిని నిందించే ముందు బావిని కొన్నాళ్లు మూసి, పీడనం ఎలా పెరుగుతుందో చూడాలి. కాలం, పీడన మార్పు రెండింటినీ లాగరిథమ్ స్కేలుపై గీసిన లాగ్-లాగ్ గ్రాఫులో మొదట్లో గీత వాలు అర అయితే చీలిక బాగా పారుతున్నట్టు, పావు అయితే లోపం ఇరుకు చీలికలోనే ఉన్నట్టు. మూసిన ప్రతి రోజూ ఉత్పత్తి నష్టమే కాబట్టి ఈ పరీక్ష వాయిదా వేయాలన్న టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. తీరా మళ్లీ ఫ్రాక్చరింగ్ చేయాల్సి వస్తే ప్రత్యేక ఓడ కావాలి, సముద్రం శాంతించే దాకా ఆగాలి.