అరగంట దారికి ఢిల్లీ కేసు: మిలట్రీ విడాకుల చిక్కు ఎక్కడ పడింది?

ఒడిశాలోని బరంపురంలో మళ్ళీ మిలట్రీ విడాకుల మాట నలుగుతోంది. జవానులైన అల్లుళ్ళది ఆంధ్రాలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు. ఆడపిల్లలది ఇటు ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి. తగువు ఎప్పటిదే. "కాపురం మా ఊళ్ళోనే చేశాం, కేసు అక్కడే వేశాను, వచ్చి మాట్లాడమనండి" అని అతను. "ఆయనకి సెలవు దొరికినప్పుడల్లా నేను పిల్లని చంకనేసుకుని రాష్ట్రం దాటాలా?" అని ఆమె.

పాత గంజాం జిల్లా 1936లో ఒడిశాకీ మద్రాసుకీ మధ్య ఎలా చీలిందో ఇక్కడివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరు ఏ రాష్ట్రంలో పడ్డా, హిందువైన జవానుకైనా విడాకులు 1955 నాటి హిందూ వివాహ చట్టం కిందే. కమాండింగ్ ఆఫీసరు భార్యాభర్తల్ని కూర్చోబెట్టి మాట్లాడగలడు గానీ విడాకులు ఇవ్వలేడు.

అసలు మలుపు 2017లో ఉంది. ఆ ఒక్క ఏడాదిలో ఇలాంటి కేసులకి పనికొచ్చే మూడు తీర్పులు సుప్రీంకోర్టు ఇచ్చింది.

దానికి ముందు సరిహద్దు సంగతి. పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం ఆటోలో పోయి రావచ్చు. కానీ ఆంధ్రాలో వేసిన కేసును ఒడిశా కోర్టుకి మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకే వెళ్ళాలి. ఒకే రాష్ట్రంలో అయితే హైకోర్టుతో సరిపోయేది. భార్య తానున్న ఊళ్ళోనే విడాకుల కేసు వేసుకోవచ్చని 2003లో చట్టం మార్చారు. అయితే భర్త ముందే అటు వేసేస్తే ఆ సవరణ ఆమెను ఆ వాయిదాల నుంచి తప్పించదు.

2017 మార్చి 9న ఇద్దరు జడ్జీల బెంచి ఒక దారి చూపింది. జబల్‌పూర్‌లో నడుస్తున్న కేసును హైదరాబాద్‌కి మార్చమని భార్య అడిగిన కేసు అది. ఊరు మార్చడం ఒక్కటే ఎందుకు, వీడియో కాన్ఫరెన్స్ పెట్టుకోవచ్చు కదా అంది కోర్టు. లేహ్‌లో ఉన్న జవానుకి, బరంపురంలో ఉన్న భార్యకి ఇంతకన్నా సులువైన ఏర్పాటు ఏముంటుంది?

అది ఏడు నెలలే నిలిచింది. అక్టోబరు 9న ముగ్గురు జడ్జీల బెంచి 2-1 తేడాతో దాన్ని పక్కన పెట్టింది. రాజీ ప్రయత్నం ఎదురెదురుగా కూర్చునే జరగాలంది. అది విఫలమయ్యాకే, ఇద్దరూ కలిసి అడిగితే వీడియో, లేదంటే జడ్జి విచక్షణ. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే ఒప్పుకోలేదు. రాజీకి ఎదురెదురుగా కూర్చోవడం మంచిదే, నేనూ కాదనను. కానీ ఆ కూర్చోవడం ఎవరి సెలవు లెక్కన జరుగుతుందో ఆ తీర్పు చూడలేదు.

మధ్యలో సెప్టెంబరు 12 తీర్పు ఉంది. పరస్పర అంగీకార విడాకుల్లో ఆరు నెలల ఆగుడు తప్పనిసరి కాదు, తగిన కేసుల్లో జడ్జి మాఫీ చేయవచ్చంది. ఏడాదికి 60 రోజుల సెలవున్న జవానుకి అది పెద్ద ఊరట. అంటే ఒప్పుకున్నవాళ్ళకి 2017 దారి దగ్గర చేసింది. ఒప్పుకోనివాళ్ళకి మళ్ళీ బస్సెక్కమంది.

జవానుల వైపు మాటా ఉంది. 1950 ఆర్మీ చట్టం 32వ సెక్షన్ ప్రకారం సెలవు సర్టిఫికెట్ చూపిస్తే, వీలైనంతవరకు ఆ సెలవులోపే కేసు విని తేల్చాలి. యుద్ధ విధుల్లో ఉన్నవాడి కేసు ఆపడానికి 1925 నాటి చట్టం ఒకటుంది. సరిహద్దులో కాపలా కాసేవాడు లేనప్పుడు ఏకపక్షంగా తీర్పు రాకూడదనే ఇవన్నీ.

ఆడవాళ్ళ వైపు లెక్క వేరు. అతని సెలవుకి కోర్టు సర్దుకుంటుంది, ఆమె కూలికి ఎవరూ సర్దుకోరు. సెలవు రద్దయిన కబురు వాయిదా ముందురోజు రాత్రి వస్తే, బస్సు ఖర్చూ పోయింది, ఆ రోజు కూలీ పోయింది.

ఇక డబ్బు. "మిలట్రీ జీతం ఎవరూ ముట్టుకోలేరు" అని కుర్రాళ్ళు ధీమాగా అంటారు. అందులో సగమే నిజం. ఆర్మీ చట్టం 28వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు ఆ జీతాన్ని జప్తు చేయలేదు. కానీ అదే చట్టం 91వ సెక్షన్ కింద భార్యాబిడ్డల పోషణకి ఆర్మీయే జీతంలో కోత పెట్టగలదు. ఆమె యూనిట్‌కి రాస్తే జవానుకి షోకాజ్ నోటీసు వెళ్తుంది. కోత మొత్తం కలిపి జీతభత్యాల్లో 33 శాతం దాటకూడదన్నది ఆర్మీ ఆర్డర్. భరణం కేసు కూడా ఆమె ఉన్న ఊళ్ళోనే వేసుకోవచ్చు. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కకట్టాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు తేల్చాక, వాయిదాలు సాగదీస్తే లాభమన్న ఎత్తు కొంత తగ్గింది.

కోవిడ్‌తో కోర్టులన్నీ తెర మీదకొచ్చాయి, హైకోర్టులు వీడియో నియమాలు రాసుకున్నాయి. అయినా అవతలి లాయరు అడ్డం చెప్పదలిస్తే అక్టోబరు తీర్పు చేతిలో ఉంది. ఇప్పుడు బరంపురం వైపు వాళ్ళు అడుగుతున్నది చిన్నదే: ఆయన యూనిట్ నుంచే మాట్లాడనివ్వండి, ఆమెని ఇక్కడి కోర్టు నుంచి మాట్లాడనివ్వండి. రాజీ ప్రయత్నం విఫలమైందని తేలితేనే అది ముందుకు కదులుతుంది. రాజీకి ఇద్దరూ రావాలి. ఆయనకి ఇంకా సెలవు దొరకలేదు.