ఆఫ్రికా ప్లేటుకి ఓడ సరుకు అక్కర్లేదు: అపోహలు - వాస్తవాలు

వారానికి రెండు ఫోన్లైనా వస్తాయి నాకు. "అన్నా, ఫుడ్ కోర్టులో కౌంటర్ తీసుకుంటున్నా, ఆఫ్రికన్ ఫ్యూజన్ పెడదామనుకుంటున్నా, సరుకు ఎక్కడి నుంచి తెప్పించాలి?" వంట ఎవరు చేస్తారు, ఏ పూట జనం ఎక్కువ, ఆర్డరు చెప్పాక ప్లేటు ఎన్ని నిమిషాల్లో పోవాలి... ఇవేవీ అడగరు. మొదటి ప్రశ్నే సరుకు. తిరుపతిలో ఈ ప్లేట్లు పెట్టి మూడేళ్ళయింది, చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడుతోంది, అందుకే ఒకసారి రాసి పడేస్తున్నా.

అపోహ: ఆఫ్రికా వంటకం అంటే దిగుమతి సరుకు ఉండాల్సిందే.

దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే జనం డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. మొన్న చిత్తూరు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. ఉద్యోగం మానేసి, వాళ్ళమ్మ గాజులు తాకట్టు పెట్టి, వీడియోలు చూసి టెఫ్ పిండి (ఇథియోపియా చిరుధాన్యం), ఎర్ర పామాయిలు, స్కాచ్ బానెట్ మిరప సాసు, ఇంకా ఏవేవో డబ్బాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. కౌంటర్‌కి ఇంకా బోర్డు కూడా కట్టలేదు. సంచీలోంచి పిండి ప్యాకెట్ తీసి నా ముందు పెట్టాడు, విప్పి చూస్తే పురుగు పట్టింది. "జల్లెడ పడితే సరిపోతుందా అన్నా" అని అడిగాడు. ఏం చెప్పను?

తిట్టలేదు. తిట్టే మొహం నాకూ లేదు. మొదటి ఏడాది నేనూ ఎర్ర పామాయిలు డజను సీసాలు తెప్పించినవాణ్ణే. (మనం బజార్లో కొనే పామోలిన్ వేరు, అది శుద్ధి చేసింది, రంగు ఉండదు, వాసన ఉండదు. పడమటి ఆఫ్రికాలో వాడేది శుద్ధి చేయని ఎర్ర నూనె, దాని వాసన దానిదే.) అలవాటున్నవాళ్ళకి అది ప్రాణం. మన దగ్గరికి వచ్చిన మొదటి కుటుంబం ఒక ముద్ద తిని, "నూనె పాతదా సామీ?" అని మెల్లగా అడిగింది. పది సీసాలు అలాగే ఉండిపోయాయి. ఆ రుచికి బదులు ఇంకోటి లేదు, నిజమే. అలాంటప్పుడు ఆ నూనె మీద నిలబడే వంటకాన్ని మెనూలో పెట్టుకోకూడదు, అంతే. మిగతావన్నీ మన మార్కెట్ సరుకుతోనే అవుతాయి.

అసలు ఎవరి సరుకు ఎవరిదో ఒకసారి చూడండి. రాగులు తూర్పు ఆఫ్రికా కొండ ప్రాంతాల్లో మొదట సాగైన పంట, వేల ఏళ్ళ కిందట మన దగ్గరికి వచ్చింది. జొన్నలు, సజ్జలు, అలసందలు, ఇవీ పుట్టింది ఆఫ్రికాలోనే. చింతచెట్టు కూడా అక్కడిదే. సంగటి ముద్ద, అలసంద వడ, చింతపండు పులుసు తిని పెరిగిన మనిషి ఆఫ్రికా సరుకు కోసం విదేశీ ప్యాకెట్ల వెంట పడటం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇక శెనక్కాయ దక్షిణ అమెరికాలో పుట్టి, సముద్రం దాటి వాళ్ళకీ మనకీ వచ్చింది. సెనెగల్, మాలీ వైపు దాంతో మాఫే అనే పులుసు చేసుకున్నారు, మనం ఊరిబిండి, అదే శెనక్కాయ పచ్చడి, చేసుకున్నాం.

ఆ మాఫేతోనే చెబుతాను. శెనక్కాయ గింజలు సన్న మంట మీద వేయించి, పొట్టు ఊదేసి, మిక్సీలో వేయండి. మొదట పొడి అవుతుంది. తర్వాత ముద్దలుగా గోడలకి అంటుకుంటుంది. చాలామంది అక్కడ ఆపేస్తారు, నీళ్ళు పోసేస్తారు. వద్దు. గరిటెతో గీకి మళ్ళీ తిప్పండి, మళ్ళీ గీకి మళ్ళీ తిప్పండి, ఒక దశలో ఉన్నట్టుండి నూనె వదిలి జారుగా అవుతుంది. ముందే ఆపితే ఊరిబిండి దారిలో ఉన్నట్టు, ఇక్కడిదాకా వస్తే మాఫే దారిలో ఉన్నట్టు. ఉల్లిపాయ, అల్లం, టమాటా విడిగా పచ్చివాసన పోయేదాకా మగ్గించి, శెనక్కాయ ముద్దని వేడినీళ్ళతో పల్చగా కలిపి అందులో పోయాలి. గెనుసుగడ్డ, క్యారెట్, క్యాబేజీ పెద్ద ముక్కలు వేయాలి. మంట తగ్గించి, అడుగు తిప్పుతూనే ఉండాలి, ఒక్కసారి అడుగంటితే ఆ చేదు ఏం చేసినా పోదు, గిన్నె మొత్తం పారబోయడమే. అంచుల్లో నూనె తేలితే అయినట్టు. ఇందులో దిగుమతి సరుకు ఏది చెప్పండి?

జొలోఫ్ అన్నం, అంటే పడమటి ఆఫ్రికా టమాటా అన్నం, దాని సంగతీ అంతే. దానికి విదేశీ బియ్యం కావాలని ఎవరో పుట్టించారు. నైజీరియాలో వాడేది పొడుగు గింజ పారబాయిల్డ్ బియ్యం, అంటే మన ఉప్పుడు బియ్యం పద్ధతే. టమాటా గుజ్జులో ఉడకాలి కాబట్టి మెత్తబడి ముద్దయ్యే బియ్యం పనికిరాదు, అదీ అసలు కారణం. పొడుగు గింజ ఉప్పుడు బియ్యం దొరికిందా మంచిది, దొరక్కపోయినా మన ఇడ్లీ బియ్యం మాత్రం వద్దు, పొట్టి గింజ, అన్నం చూడ్డానికి బాగుండదు. గుజ్జుకి మదనపల్లె టమాటా, కాస్త ఎర్ర క్యాప్సికం, ఎర్ర ఉల్లి, నానబెట్టిన బ్యాడిగి మిరప (రంగు కోసం). గుజ్జు వేయించడంలో తొందరపడితే అన్నం పుల్లగా వస్తుంది, నూనె పైకి తేలేదాకా ఓపిక పట్టాలి. వాళ్ళు వేసే థైమ్ ఆకు లేదని బాధపడేవాళ్ళకి ఒక మాట: థైమ్‌కి ఆ వాసన ఇచ్చేది థైమాల్, మన వాములో ఉండేదీ అదే. చిటికెడు వాము నలిపి వేయండి, ఎక్కువైతే మాత్రం కడుపునొప్పి మందులా ఉంటుంది, ఆ తప్పు నేను చేశాను.

ఇంజెరా (ఇథియోపియా వాళ్ళ పులిసిన దోశ) గురించి టెఫ్ అబ్బాయికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నా. ఇథియోపియా వాళ్ళు టెఫ్ పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పల్చగా పోసి, మూత పెట్టి ఒక పక్కే కాలుస్తారు, పైన కళ్ళు కళ్ళుగా వస్తుంది. పులిసిన పిండి సంగతి మనకి ఎవరైనా నేర్పాలా? నేను రాగి పిండి, కొంచెం ఉప్పుడు బియ్యం, గుప్పెడు మినప్పప్పుతో పోస్తాను. అది ఇంజెరా అని బోర్డు మీద రాయను, 'రాగి ఇంజెరా దోశ' అని రాస్తాను. టెఫ్ లేనిదాన్ని టెఫ్ అని అమ్మడం మోసం. ఫ్యూజన్ అన్న మాట దాన్ని కప్పిపుచ్చుకోడానికి కాదు. దాని మీద వేసే బెర్బెరె కారంలో ఎండుమిర్చి, మెంతులు, ధనియాలు, ఏలకులు, శొంఠి, వాము ఉంటాయి. ఇవన్నీ మీ ఇంటి పోపుల డబ్బా పక్కనే ఉన్నాయి.

ఆ అబ్బాయి కథ ఏమైందంటే, సాసు డబ్బాలు కొన్ని వెనక్కి పంపించాం, మిగతావి నేనే తీసుకున్నా. గాజులు ఇంకా విడిపించుకోలేదు. కానీ కౌంటర్ నడుస్తోంది, టెన్షన్ తగ్గింది, మొన్న ఫోన్‌లో గొంతు కొంచెం తేలిగ్గా ఉంది.

ఇక మిగతావి గబగబా.

"ఆఫ్రికా తిండి అంటే అంతా మాంసమే, తిరుపతిలో ఎవరు తింటారు?" ఇది వ్యాపారం పెట్టేవాళ్ళకంటే తినడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువ. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలతో కలిపి ఏడాదిలో సగానికి దగ్గరగా ఉపవాసాలే ఉంటారు, ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏవీ ముట్టరు. అందుకని వాళ్ళ దగ్గర పప్పు వంటలకి కరువు లేదు. శెనగపిండితో చేసే షీరో చూస్తే పూరీలోకి చేసే బొంబాయి చట్నీకి అన్నలా ఉంటుంది. దర్శనం చేసుకుని దిగివచ్చిన పెద్దావిడ "ఇందులో ఏం కలిసిందో" అని భయపడుతూ నిలబడితే ఆమెని చూసి నవ్వకండి. శాకాహారానికి బాండలి వేరు, నూనె వేరు, గరిటె వేరు అని చెప్పండి, చెప్పడమే కాదు, కనపడేలా పెట్టండి. చికెన్ వేయించిన నూనెలో అలసంద బోండా వేసే కౌంటర్లు నేను చూశాను, అలాంటివాళ్ళ వల్లే ఆ భయం.

"బన్నీ చౌ అంటే కుందేలు మాంసం." కాదు బాబూ! దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మన భారతీయులే కనిపెట్టిన తిండి అది, బ్రెడ్డు మధ్యలో తొలిచి కూర నింపుతారు. బనియా (వ్యాపారి) అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. మద్రాసు నుంచి కూలీలతో వెళ్ళిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాతి ఓడల్లో ఉత్తర ఆర్కాటు నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది. చిత్తూరు అప్పట్లో ఆ జిల్లాలోదే, 1911లో గానీ సొంత జిల్లా కాలేదు. కాబట్టి మా కౌంటర్లో బన్నీ చౌ నింపేటప్పుడు నాకు అది పరాయి తిండి అనిపించదు. బీన్స్, ఆలూ కూరతో చేస్తాం, కాలేజీ పిల్లలు ఎగబడతారు.

"పెరి పెరి పొడి చల్లితే ఆఫ్రికన్ అయిపోతుంది." ఫ్రెంచ్ ఫ్రైస్ మీద పొడి చల్లి ఖండం పేరు పెట్టేవాళ్ళతో నాకు మాటలు లేవు.

"ఆఫ్రికా అంటే ఒక్కటే వంట." యాభైకి పైగా దేశాలున్నాయి. మన పాత చిత్తూరు జిల్లాలోనే పుంగనూరు సంగటి, కాళహస్తి సంగటి ఒకటి కాదని కొట్టుకుంటాం.

"పేరు మార్చి అమ్మితేనే పోతుంది." నేను మార్చలేదు. అకరా అని రాసి కింద చిన్న అక్షరాల్లో 'నైజీరియా అలసంద బోండా' అని రాశాను, సరిపోయింది. ఈ అకరాకి మన వడకి తేడా పిండిలోనే ఉంది. మనం అలసందలు పొట్టుతో బరకగా రుబ్బి అరచేతిలో తట్టి వేస్తాం. వాళ్ళు పొట్టు తీసేసి, మెత్తగా రుబ్బి, గాలి ఎక్కేదాకా గిలకొడతారు. నీళ్ళలో చిన్న బొట్టు వేస్తే తేలాలి, గారెల పిండికి చూసినట్టే. మునిగితే ఇంకా గిలకొట్టాలి. ఉల్లిపాయ మాత్రం నూనె కాగాకే కలపండి, ముందే కలిపితే నీరు వదిలి బోండా నూనె తాగేస్తుంది.

మొదటి వారం అకరా అస్సలు పోలేదు. ఒక సాయంత్రం పాకాల వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ, మనవడు కొనిచ్చిన బోండా అటూ ఇటూ తిప్పి చూసి, సగం కొరికి, "అలసంద వడే కదబ్బా ఇది, ఇంత నున్నగా రుబ్బినారేంది, పండ్లు లేనోళ్ళకా?" అంది. మా వాళ్ళందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చేతిలో మిగిలిన సగం చూపించి, "సరే, దీనికి పులుసేదీ?" అని అడిగింది. లోపల మాఫే గిన్నె పొయ్యి మీదే ఉంది, ఒక గరిటె పోసిచ్చాను. ఆమె ఇంకో రెండు బోండాలు అడిగింది. మర్నాడు ఉదయమే ఆ రెండూ కలిపి బోర్డు మీద ఒక ప్లేటుగా రాశాను, ఇప్పటికీ మా దగ్గర ముందు అయిపోయేది అదే.