ఎన్ని ఏపీలు రాయించాలి? అపోహలు - వాస్తవాలు

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్ళినా, ప్లేటు చేతిలోకి రాగానే మొదలయ్యే ప్రశ్న ఒకటుంది: "మీవాడు ఎన్ని ఏపీలు రాస్తున్నాడండీ?" ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, ఇక్కడి హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు, దాని పరీక్ష. మొన్న ఒకాయన కాకినాడ నుంచి కూతురింటికి వచ్చారు. ఈ మాటలు విని, "ఉన్నదే ఒక్క ఏపీ, దాన్నీ రెండు చేశారు కదమ్మా" అన్నారు. అందరం నవ్వాం. ఆ వెంటనే ఒకావిడ "మావాడు పన్నెండు" అంది, నవ్వులు ఆగిపోయాయి.

పిల్లల కాలేజీ అప్లికేషన్లు చూడటమే నా పని. ఏటా నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు తిప్పి తిప్పి ఇవే అడుగుతారు.

అపోహ: ఎస్‌ఏటీ సబ్జెక్ట్ టెస్టులు కనీసం రెండు రాయాలి.

ఆ పరీక్షలు ఇప్పుడు లేవు. ఎస్‌ఏటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్షనీ, ఏపీలనీ నడిపే కాలేజ్ బోర్డ్ 2021 జనవరిలో వాటిని ఎత్తేసింది. అమెరికా బయట రాసేవాళ్ళకి మాత్రం ఆ ఏడాది జూన్ దాకా గడువిచ్చింది. గంట పరీక్ష, 800 మార్కులు, ఒకే రోజు మూడు దాకా రాసే వీలు, అదంతా అయిపోయిన ముచ్చట. పెద్దమ్మగారి అబ్బాయి వాడిన గైడ్లు గరాజ్‌లో ఉంటే రీసైక్లింగ్‌లో వేసేయండి. సబ్జెక్టువారీగా ఏం తెలుసో చూపించడానికి ఇక్కడి పిల్లలకి మిగిలినవి ప్రధానంగా ఏపీ పరీక్షలే. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది.

అపోహ: ఎన్ని ఎక్కువ రాస్తే సీటుకి అంత దగ్గర.

దీని దగ్గర కాస్త ఆగాలి. మనవాళ్ళు రెండు వేరువేరు లెక్కల్ని కలిపేస్తున్నారు. ఏపీ కోర్సు ఒకటి, మే నెలలో రాసే ఏపీ పరీక్ష ఇంకొకటి. కోర్సులో వచ్చిన గ్రేడు స్కూలు మార్కుల పట్టికలో, అంటే ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడుతుంది, అడ్మిషన్ ఆఫీసు ముందుగా చూసేది దాన్నే. స్కూల్లో దొరికే కష్టమైన కోర్సుల్ని ఈ పిల్ల తీసుకుందా, తీసుకుని నిలబడిందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలైతే జీపీఏకి, అంటే గ్రేడుల సగటుకి ఇచ్చే అదనపు పాయింట్లు కోర్సులకే, అదీ ఎనిమిది సెమిస్టర్ల వరకే. ఆ పైన ఎన్ని కోర్సులు తీసుకున్నా ఆ లెక్క పెరగదు.

ఇక క్యాలెండర్ చూడండి. పెద్ద కాలేజీల రెగ్యులర్ ఫలితాలు మార్చి ఆఖరికల్లా వచ్చేస్తాయి. ఏ కాలేజీకి వెళ్తారో మే 1కల్లా చెప్పాలి. ఏపీ పరీక్షలు మొదలయ్యేది మేలో, స్కోర్లొచ్చేది జులైలో. అంటే పన్నెండో గ్రేడులో రాసే పరీక్షల స్కోర్లు ఇక్కడి అడ్మిషన్‌కి అందనే అందవు. కోర్సు పేరూ, సగం ఏడాది గ్రేడూ అందుతాయి, అంతే. ఫంక్షన్‌లో వినిపించిన ఆ పన్నెండులో ఐదు ఆఖరి ఏడాదివైతే, కాలేజీ చూసే స్కోర్లు ఏడే. ఆ ఐదింటికీ ఒక్కోదానికి దాదాపు వంద డాలర్లు కట్టేముందు, వాటితో క్రెడిట్ వస్తుందా రాదా, అంటే కాలేజీలో ఆ కోర్సు చదివేసినట్టు లెక్కేస్తారా లేదా అని చూసుకోవాలి.

నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చేది. పదకొండో గ్రేడులో ఆరు పరీక్షలు రాసింది. మేలో రెండు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. మూడింట్లో 5, మూడింట్లో 3. ఇంజినీరింగ్‌కి అప్లై చేసే పిల్ల, ఫిజిక్స్‌లో 3 తెచ్చుకుంది. హ్యూమన్ జాగ్రఫీలో 5 ఉంది గానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? నాలుగే రాయించి ఉండాల్సింది. ఆ తప్పు నాది, వద్దని గట్టిగా చెప్పలేకపోయాను.

అపోహ: ఒక్క 2 వచ్చినా అన్ని కాలేజీలకీ తెలిసిపోతుంది.

అనేక కాలేజీలకి ఒకేసారి నింపే కామన్ అప్లికేషన్‌లో ఏ స్కోర్లు వేయాలన్నది చాలా కాలేజీల విషయంలో మీ ఇష్టమే. అధికారిక రిపోర్టు సీటొచ్చాక పంపితే సరిపోతుంది. అందరి పద్ధతీ ఇదే అనుకోకండి. ఎస్‌ఏటీ బదులు ఏపీ స్కోర్లు ఇవ్వొచ్చని యేల్ 2024లో ప్రకటించినప్పుడు, ఆ దారిలో వచ్చేవాళ్ళు అప్పటిదాకా రాసిన ఏపీలన్నీ చూపాలని మెలిక పెట్టింది. అలాంటి చోటుకి నాలుగు 5ల పక్కన రెండు 2లు తీసుకెళ్తే బాగుండదు.

అపోహ: ఏపీలు రాస్తే కాలేజీలో ఏడాది ఫీజు మిగులుతుంది.

మిగిలేచోట మిగులుతుంది. మా టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలు 3 స్కోరుకి కూడా క్రెడిట్ ఇవ్వాలని చట్టమే ఉంది, ఏ సబ్జెక్టుకైనా ఎక్కువ స్కోరు కావాలంటే కారణం చూపాలి. అదే కాల్‌టెక్ ఏపీకి క్రెడిట్ ఇవ్వదు. డార్ట్‌మత్, బ్రౌన్‌లలో డిగ్రీకి కలిసే క్రెడిట్ రాదు, పై కోర్సులో కూర్చోవడానికి పనికొస్తుంది. ఎంఐటీ, రెండు క్యాలిక్యులస్ ఏపీల్లో పెద్దదైన బీసీలో 5కి మొదటి మ్యాథ్ కోర్సు మాఫీ చేస్తుంది, కెమిస్ట్రీకి ఏమీ ఇవ్వదు. డాక్టర్ని చేద్దామనుకుంటే ఇంకో చిక్కు: బయాలజీ, కెమిస్ట్రీ కాలేజీలోనే చదివి ఉండాలనే మెడికల్ స్కూళ్ళున్నాయి. ఏపీతో దాటేసిన కోర్సు మళ్ళీ నెత్తిన పడుతుంది.

అపోహ: క్యాలిక్యులస్ ఏబీ, బీసీ రెండూ రాస్తే మంచిది.

ఒకే ఏడాది రెండూ రాయనివ్వరు. బీసీ రాస్తే ఏబీ సబ్‌స్కోరు అందులోనే వస్తుంది.

అపోహ: హైదరాబాదు నుంచి అప్లై చేసే పిల్లలు వెనకబడిపోతారు, కాబట్టి బోలెడు రాయాలి.

మీ స్కూల్లో లేని కోర్సులు ఎందుకు తీసుకోలేదని ఎవరూ అడగరు. ఇంటర్ ఎంపీసీ పిల్లలకి రెండు మూడు చాలు: క్యాలిక్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ మెకానిక్స్, కావాలంటే కెమిస్ట్రీ. ఇంటర్ డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ అక్కడ బాగా పనికొస్తాయి. అనంత శ్రేణులు మాత్రం విడిగా కూర్చుని చదవాలి. వచ్చిన గొడవల్లా తేదీలతోనే, ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) కూడా దాదాపు ఆ రోజుల్లోనే కదా. దగ్గర్లో ఏ స్కూలు బయటి పిల్లలచేత రాయిస్తుందో ముందటేడు ఆగస్టు, సెప్టెంబర్లలోనే కనుక్కోండి, పేర్లు నమోదు చేయడం నవంబరుకి ముగుస్తుంది.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వైపు చూసేవాళ్ళకి మాత్రం నిజంగానే అంకె ఉంది. సాధారణంగా ఆక్స్‌ఫర్డ్‌కి నాలుగు 5లు, లేదా మూడు 5లతోపాటు మంచి ఎస్‌ఏటీ స్కోరు. కేంబ్రిడ్జ్‌కి ఐదు 5లు, చదవబోయే సబ్జెక్టుకి దగ్గరవి. అక్కడ హ్యూమన్ జాగ్రఫీతో పని జరగదు.

అపోహ: తెలుగులో ఏపీ ఉంది.

అమ్మమ్మలు ఆశగా అడిగే ప్రశ్న ఇది. లేదు. స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, లాటిన్, చైనీస్, జపనీస్, ఇటాలియన్ ఉన్నాయి, భారతీయ భాష ఒక్కటీ లేదు. కానీ చాలా రాష్ట్రాల్లో, రెండు భాషలు వచ్చని హైస్కూల్ డిప్లొమా మీద వేసే సీల్ ఆఫ్ బైలిటరసీ ఉంది. అవాంట్ అనే సంస్థ తెలుగులోనూ పరీక్ష పెడుతుంది, రాయడం, మాట్లాడటం రెండూ ఉంటాయి. మన పిల్లలు మాట్లాడటం దాటేస్తారు. ఒత్తుల దగ్గర పడిపోతున్నారు.