పిల్లల చేతిలో సోషల్ మీడియా: తల్లిదండ్రుల అపోహలు, నేను చూసిన వాస్తవాలు

గుంటూరులో స్కూల్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అవ్వగానే ఎక్కువమంది అడిగేది ఫోన్ గురించే. అలా అడిగేవాళ్ల మనసులో అప్పటికే కొన్ని గట్టి నమ్మకాలుంటాయి, వాటిలో కొన్ని పిల్లలకు నిజంగా హాని చేస్తున్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తప్పు చేస్తే ఫోన్ లాక్కుంటే చాలు, దారికొస్తారు.

అన్నిటికన్నా ప్రమాదమైన నమ్మకం ఇది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు (వివరాలు కొంచెం మార్చాను) రెండు వారాలుగా సరిగా అన్నం తినడం లేదని వాళ్లమ్మగారు నా దగ్గరికి తీసుకొచ్చారు. మూడు రోజులు మాట్లాడాక గానీ అసలు సంగతి బయటపడలేదు. ఇన్‌స్టాలో ఎవరో అమ్మాయి పేరుతో పరిచయమై, వీడియో కాల్‌కి పిలిచి, దాన్ని రికార్డు చేసి, డబ్బు పంపకపోతే నీ ఫ్రెండ్స్ అందరికీ పంపిస్తామని బెదిరించారు. వాడు అమ్మ ఫోన్‌లోంచి రెండుసార్లు పంపాడు కూడా, పంపినకొద్దీ ఇంకా అడిగారు. "ఇంట్లో ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంటే, "ఫోన్ తీసేసుకుంటారు మేడమ్" అన్నాడు. బెదిరించేవాళ్లకు కావాల్సింది ఇదే, పిల్లలు ఇంట్లో నోరు విప్పకపోవడం. ఆ పని మనమే చేసి పెడుతున్నాం.

అందుకని, ఇంట్లో ఏ గొడవా లేని రోజు చూసుకుని, "ఏం జరిగినా నాకు చెప్పు, చెప్పినందుకు ఫోన్ లాక్కోను" అని మాటివ్వండి. ఇచ్చాక మాట తప్పకండి, ఒక్కసారి తప్పితే మళ్లీ చెప్పరు. హద్దులు వద్దని అనడం లేదు. రాత్రి అందరి ఫోన్లూ హాల్లోనే చార్జింగ్ పెట్టడం, అన్నం తినేటప్పుడు నాన్న ఫోన్‌తో సహా పక్కన పెట్టేయడం ఇంటి నియమాలు. కోపం వచ్చిన రోజు ఫోన్ లాక్కోవడం మాత్రం శిక్ష. పిల్లలకు ఈ తేడా బాగా తెలుసు.

ఇలాంటి బెదిరింపు వస్తే డబ్బు పంపకండి. కంగారులో చాట్ డిలీట్ చేయకండి. యూజర్‌నేమ్, బెదిరించిన మెసేజ్‌లు, డబ్బు వెళ్లిన వివరాలు స్క్రీన్‌షాట్ తీశాకే బ్లాక్ చేయండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు పోయినప్పుడు ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు విడిగా విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇంకో మాట, ఆ ఫొటోనో వీడియోనో "చూడు వీడేం చేశాడో" అని బంధువులకు పంపకండి. 18 ఏళ్లలోపు పిల్లల అశ్లీల చిత్రాలను ఇతరులకు పంపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. 'టేక్ ఇట్ డౌన్' అని ఒక ఉచిత సర్వీసు ఉంది. ఫొటో మన ఫోన్ దాటి బయటికి వెళ్లదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది, ఆ గుర్తును బట్టి ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటివి ఆ చిత్రాన్ని పట్టుకుని తీసేయగలవు.

అపోహ: 13 నిండితే అకౌంట్ ఇవ్వొచ్చని కంపెనీలే చెప్పాయి కదా.

పిల్లల మనసు ఎదిగిందో లేదో చూసి పెట్టిన అంకె కాదది. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 1998లో అమెరికా కోపా అనే చట్టం చేసింది, కంపెనీలు ఆ అంకెనే గీతగా పెట్టుకున్నాయి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం లెక్కలో 18 నిండనివాళ్లంతా పిల్లలే. ఆస్ట్రేలియా అయితే 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్లలోపువాళ్లకు అకౌంట్లే కుదరవంది.

నాకు బాగా బాధ కలిగించేది, తల్లిదండ్రులే పక్కన కూర్చుని పుట్టిన సంవత్సరం 2000 అని కొట్టించడం. ఇన్‌స్టాలో 2024లో టీన్ అకౌంట్లు మొదలయ్యాయి. అవి మొదటినుంచీ ప్రైవేట్‌గానే ఉంటాయి, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు మోగవు, 16 నిండనివాళ్లు వీటిని సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పాతికేళ్లు దాటాయని రాసుకున్న ఎనిమిదో తరగతి పిల్లకు ఈ రక్షణ ఎలా వస్తుంది? 13 నిండి ఉంటే ఈ రోజే పుట్టిన తేదీ సరిచేయించండి. నిండకపోతే అకౌంట్ ఆపేసి, ఎందుకు ఆపుతున్నారో కూర్చోబెట్టి చెప్పండి.

అపోహ: ప్రైవేట్ అకౌంట్ కాబట్టి భయం లేదు.

ఎనిమిది వందల మంది ఫాలోవర్లు ఉంటే అది ప్రైవేట్ ఎలా అవుతుంది? స్నాప్‌చాట్‌లో మాయమయ్యే ఫొటోనైనా పక్క ఫోన్‌తో ఫొటో తీస్తే ఉండిపోతుంది.

అపోహ: మాకు ఇంగ్లీషు రాదు, ఇవన్నీ మాకేం తెలుస్తాయి?

టైలరింగ్ చేసుకునే ఒక అమ్మగారు ప్రతి ఆదివారం కూతుర్ని రెండే అడుగుతారు. ఈ వారం నీకు నవ్వు తెప్పించిన వీడియో ఏది, చిరాకు పుట్టించింది ఏది అని. ఎవరో వద్దన్నా మెసేజ్‌లు పెడుతున్నారని ఆ పిల్ల చెప్పింది అలాంటి ఒక ఆదివారమే. ఆవిడకు సెట్టింగులు తెలియవు. కూతురే చూపించి బ్లాక్ చేసింది.

అపోహ: బాధ్యత నేర్చుకోవాల్సింది పిల్లలే.

పదో తరగతి మార్కుల మెమో హాల్ టికెట్ నంబర్‌తో సహా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేది పెద్దవాళ్లే. ఓణీల ఫంక్షన్ వీడియోని రీల్ చేసి పబ్లిక్‌గా పెట్టేదీ పెద్దవాళ్లే. పెద్దమనిషయ్యిందన్న సంగతి క్లాసులో మగపిల్లలందరికీ ఆ రీల్ వల్ల తెలిసి, వారం రోజులు స్కూలుకే రానన్న అమ్మాయి నా ముందు కూర్చుని ఏడ్చింది. అమ్మ ప్రేమతోనే పెట్టింది, కానీ ఆ పిల్లను ఎవరూ అడగలేదు. వాళ్లమ్మగారిని పిలిచి మాట్లాడాను. ఆవిడ ఆ సాయంత్రమే రీల్ తీసేసి, ఫ్యామిలీ గ్రూపులో ఏ ఫొటోలు ఉండొచ్చో కూతుర్నే ఎంచుకోమన్నారు. ఆ అమ్మాయి నాలుగు ఎంచుకుంది. సోమవారం స్కూలుకు వచ్చింది.