తుపాకీ పని నేర్చుకుంటే ఉద్యోగం ఎక్కడ? అపోహలు - వాస్తవాలు

ఐటీఐ అయిపోయిన పిల్లోళ్లు, ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు తరచూ అడుగుతుంటారు: "అన్నా, నాకు తుపాకుల పనంటే పిచ్చి. యాడ చేరాల?" నేను సైన్యంలో ఆయుధాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ కోర్‌లో ఆర్మరర్‌గా (తుపాకులు బాగుచేసేవాడిగా) పనిచేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు కర్నూలులో లైసెన్సున్న ఒక ఆయుధాల దుకాణంలో రిపేరు బల్ల దగ్గర కూర్చుంటాను. అడిగే పిల్లల్లో తెలివి తక్కువోళ్లు ఎవరూ లేరు. తెలిసిన సంగతుల్లోనే సగం తప్పులుంటాయి, అంతే. వాటి గురించే ఈ రాత.

అపోహ: గన్‌స్మిత్ (తుపాకులు చేసే, బాగుచేసే పనివాడు) కోర్సు చేస్తే గన్‌స్మిత్ ఉద్యోగం వస్తుంది.

మన ఐటీఐల్లో గన్‌స్మిత్ అనే ట్రేడే లేదు. ఉండేది ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, టూల్ అండ్ డై. తుపాకీ దగ్గరికి పోయే దారి వీటిలోంచే. ఆయుధం విప్పి చూపించే చదువు ఈ దేశంలో ప్రధానంగా రెండు చోట్ల దొరుకుతుంది: యూనిఫాం వేసుకున్నాక, లేదా లైసెన్సున్న ఫ్యాక్టరీ గేటు లోపలికి పోయాక. బయట ఎవరైనా డబ్బు తీసుకుని "గన్‌స్మిత్ సర్టిఫికెట్" ఇస్తామంటే ఆ డబ్బుతో మంచి మైక్రోమీటర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) కొనుక్కోండి.

ఈమధ్య తుపాకులు చేస్తున్న ప్రైవేటు కంపెనీలు ఎక్కడినుంచి వచ్చాయో చూడండి. హైదరాబాద్‌లో 'అస్మీ' సబ్ మెషిన్ గన్ తయారుచేస్తున్న లోకేష్ మెషీన్స్ అసలు పని సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) యంత్రాలు చేయడం. 2024లో సైన్యం ఉత్తర కమాండ్ నుంచి 550 తుపాకుల ఆర్డర్ వాళ్లకే వచ్చింది. బెంగళూరులో రైఫిళ్లు చేసే ఎస్ఎస్ఎస్ డిఫెన్స్ వెనుక ఉన్నది ఏళ్లతరబడి స్ప్రింగులు చేసిన కంపెనీ. ఒకరు లేతు యంత్రాల వాళ్లు, ఇంకొకరు స్ప్రింగుల వాళ్లు. ఇనుము పని బాగా తెలిసినవాళ్లు తుపాకీ పనిలోకి వచ్చారు. అట్లాంటి కంపెనీ ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి తీసుకునేటప్పుడు ఏ రైఫిల్ ఏ దేశానిదో చెప్పమని అడగదు. డ్రాయింగ్ చదవగలవా, టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) అంటే ఏంది, గేజ్ (కొలత సరిచూసే పనిముట్టు) ఎట్లా పట్టుకుంటావు అని అడుగుతుంది.

అనంతపురం పిల్లలకు ఈ విషయంలో మంచి అవకాశం ఉంది. బెంగళూరు పక్కనే. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. అక్కడ సీఎన్‌సీ ఆపరేటర్‌గా ఒకట్రెండేళ్లు చేసినవాడికి ఆయుధాల కంపెనీ తలుపు తట్టే అర్హత వచ్చినట్టే. పదో తరగతి తర్వాత ఇంకా ఏ కోర్సులోనూ చేరనివాళ్లు హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీలో టూల్, డై, మోల్డ్ మేకింగ్ డిప్లొమా గురించి కనుక్కోండి. నాలుగేళ్లు పడుతుంది. మీరు ఏ ఆయుధాల ఫ్యాక్టరీకి పోయినా ఆ చదువుకు విలువుంటుంది.

అపోహ: మన సీమలో తుపాకులు ఎక్కువ, కాబట్టి రిపేరు పని కూడా ఎక్కువే.

సినిమాల వాళ్లు మనకిచ్చిన పేరు ఇది. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ పాత ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెళ్లు (రెండు గొట్టాల తుపాకులు). తాత పేరు మీద లైసెన్సు, తండ్రి పేరుకు మార్పించుకున్నది, కొడుక్కి అక్కరలేనిది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకు మించి ఆయుధాలు ఉండకూడదు, అంతకుముందు మూడుండేవి. రిపేరంటే అరిగిపోయిన ఫైరింగ్ పిన్, సత్తువ పోయిన స్ప్రింగు, ఊగులాడే కీలు, పగిలిన చెక్క బట్టు. అన్నిటికంటే ఎక్కువ తుప్పు.

ఎన్నికల కాలం ఒక్కటే మాకు సీజను. కోడ్ రాగానే అధికారులు ఆదేశించిన లైసెన్సుదారులు తమ తుపాకులను స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో పెట్టాలి.  కొందరు తోలు కవరుతో సహా తెచ్చి ఇస్తారు. తోలు చెమ్మ పీల్చి పట్టుకుంటుంది. ఎన్నికలు అయిపోయి విడిపించుకునేసరికి బారెల్ మీద మచ్చలు. "మీరేం చేసినారు నా తుపాకీని" అని గొడవ. అందుకే తీసుకునేటప్పుడే ఫొటో తీసి, నంబరు, స్థితి రిజిస్టర్లో రాసి, సంతకం పెట్టించుకుంటాం. దుకాణంలో కొత్తగా చేరిన పిల్లోడికి మొదట అప్పజెప్పేది ఈ రిజిస్టరే. స్క్రూ డ్రైవర్ తర్వాత వస్తుంది. ప్రతి ఆయుధం ఎవరిది, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది, ఎన్ని తూటాలు అమ్మారు, అన్నీ తనిఖీకి సిద్ధంగా ఉండాలి. ఈ రాతకోతలు విసుగనిపిస్తే ఈ పనికి రావద్దు. నిజానికి ఇట్లాంటి దుకాణాలు జిల్లాకు ఏవో కొన్ని. వాటిలో కొత్తవాణ్ణి జీతానికి పెట్టుకునే స్థోమత ఉన్నవి ఇంకా తక్కువ.

అపోహ: ఊర్లో ఎవరిదో నాటు తుపాకీ బాగుచేసి ఇస్తే తప్పేముంది? అమ్మట్లేదు కదా.

ఈ ఒక్కదాని గురించి కాస్త ఎక్కువ చెబుతా.

శెనగ చేలల్లో అడవిపందులు పడతాయి. నల్లమల అంచున, శేషాచలం కింద ఉండే ఊర్లలో ఇది నిత్యం ఉండే బాధ. ఎవరో పెద్దాయన అటక మీదనుంచి పాత మందు తుపాకీ తీసి, "నువ్వు ఐటీఐ చదివినావు కదరా నాయనా, ఈ హ్యామర్ సరిగ్గా పడడం లేదు, కాస్త చూడు" అంటాడు. చూడ్డానికి చిన్న పని. ఆకురాయితో పది నిమిషాలు. ఆ పెద్దాయన మనకు మామో, చిన్నాయనో అవుతాడు, కాదనడం కష్టం.

కాదనండి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్‌లో లైసెన్సు లేకుండా చేయకూడనివి రాసి ఉన్నాయి. అందులో తయారీ, అమ్మకంతో పాటు 'రిపేరు' కూడా ఉంది, పరీక్షించడం కూడా ఉంది. 25వ సెక్షన్ కింద దీనికి శిక్షను 2019లో పెంచారు: ఏడేళ్లకు తక్కువ కాకుండా, యావజ్జీవం దాకా. డబ్బు తీసుకున్నావా, ఊరికే చేశావా అన్నది లెక్కలోకి రాదు. తుపాకీ పెద్దాయనదే కావచ్చు, అది బాగుచేసిన చెయ్యి మాత్రం నీది. పేరు ఎఫ్ఐఆర్‌లో పడితే, తర్వాత కోర్టు వదిలేసినా సరే, ఈ రంగంలో ఏ గేటూ తెరుచుకోదు.

మరి రైతు ఏం చేయాలి? పంట రక్షణ కోసం మందు కూరే తుపాకీకి లైసెన్సు అడిగే వీలు చట్టంలోనే 13వ సెక్షన్‌లో ఉంది. ఆయన లైసెన్సు తెచ్చుకుని, రిపేరుకు అనుమతి ఉన్న దుకాణానికి తీసుకురావాలి. ఆలస్యమవుతుంది, తిరగాల్సి వస్తుంది, నిజమే. ఆ తిరుగుడు ఆయనది, మీ బతుకు మీది.

బారెల్ కోసి పొట్టి చేయడం, బొమ్మ తుపాకీని నిజందిగా మార్చడం లాంటివి అడిగేవాళ్లూ ఉంటారు. వాటిని ఆపడానికే 6వ సెక్షన్ ఉంది. అట్లా అడిగినోడితో మాట్లాడకండి, వాడి ఫోన్ కూడా ఎత్తకండి.

అపోహ: సైన్యంలో చేరితే నేరుగా ఆర్మరర్ ట్రేడ్ ఇస్తారు.

కోరుకున్న ట్రేడ్ వస్తుందని ఎవరూ మాట ఇవ్వరు. అగ్నివీర్ టెక్నికల్‌లో ఐటీఐ వాళ్లకు అదనపు మార్కులుంటాయి. మన కర్నూలు, కడప, అనంతపురం పాత జిల్లాల వాళ్లకు గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు. నాలుగేళ్ల తర్వాత నిలిచేది పాతిక శాతం మంది మాత్రమే అని ముందే లెక్క వేసుకోండి. అయినా నేను ఈ దారి వద్దనను. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ శిక్షణలో నేర్పే క్రమశిక్షణ బయట డబ్బు పెట్టినా దొరకదు: విప్పిన ప్రతి ముక్కా వరసలో పెట్టడం, గేజ్ ఒప్పుకోనిదాన్ని చేత్తో తోసి ఒప్పించకపోవడం.

పోలీసు శాఖలోనూ అంతే. ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు దళం) వాళ్లవి కర్నూలులో రెండో బెటాలియన్, కడపలో పదకొండోది, అనంతపురంలో పద్నాలుగోది ఉన్నాయి. వాటిలో ఆర్మరర్లుంటారు. కాకపోతే వాళ్లు మొదట కానిస్టేబుళ్లుగా చేరి, ఆ తర్వాత శిక్షణకు పోయినవాళ్లు. అంటే పరుగు పరీక్ష, రాత పరీక్ష అన్నీ మామూలే. ఓపిక కూడా కావాలి: 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, అందులో 2,520 ఏపీఎస్పీవి. తుది ఫలితాలు వచ్చేసరికి 2025 అయింది. అంతకాలం ఖాళీగా కూర్చోకుండా ఏదో ఒక వర్క్‌షాపులో చెయ్యి ఆడిస్తూ ఉండండి.

అపోహ: ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ (సైన్యానికి ఆయుధాలు చేసే సర్కారు ఫ్యాక్టరీ) అప్రెంటిస్ వస్తే సర్కారు ఉద్యోగం వచ్చినట్టే.

కాదు. అప్రెంటిస్ అంటే శిక్షణ, ఒక స్టైపెండ్, చివర ఒక సర్టిఫికెట్. 2021 అక్టోబరులో పాత ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు. అప్రెంటిస్‌ల నోటిఫికేషన్ వాటిలో ఒకటైన యంత్ర ఇండియా నుంచి వస్తుంది. పరీక్ష ఉండదు, పదో తరగతి, ఐటీఐ మార్కుల మీద ఎంపిక. (ఇంటర్నల్ మార్కులు ఎవరికి కావాలి అనుకునే తమ్ముళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.) మనకు దగ్గరలో చిన్న ఆయుధాలు చేసేది తిరుచిరాపల్లి ఫ్యాక్టరీ. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో చేసేవి యుద్ధ వాహనాలు. అక్కడికి పోతే తుపాకీ పని నేర్పుతారనుకోవద్దు. శిక్షణ అయ్యాక కాంట్రాక్టు పనులకు పాత అప్రెంటిస్‌లను పిలవడం ఉంది. పర్మనెంట్ అన్న మాట దాంట్లో లేదు. అయినా ఆ గేటు లోపల గడిపిన కాలం ప్రైవేటు కంపెనీ దగ్గర బాగా చెల్లుతుంది.

అపోహ: కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీవో (రక్షణ పరిశోధన సంస్థ) ఆయుధ పరీక్షల రేంజ్ వచ్చింది, లోకల్ పిల్లోళ్లకు తుపాకీ పని దొరుకుతుంది.

అక్కడ 2025 ఏప్రిల్‌లో పరీక్షించింది 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని, జూలైలో డ్రోన్ నుంచి పేల్చే క్షిపణిని. మీ ఆకురాయికి అక్కడ పని లేదు. డీఆర్‌డీవోలో చేరాలంటే దాని నియామక విభాగం సెప్టామ్ నిర్వహించే టెక్నీషియన్ పరీక్ష రాయాలి. దేశమంతా పోటీ, లోకల్ కోటా ఏమీ ఉండదు. అందులోనూ ఇనుము పని ట్రేడ్‌లంటే మళ్లీ ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ లాంటివే.

అపోహ: అమెరికా పోయి గన్‌స్మిత్ స్కూల్లో చదివితే అక్కడే ఉద్యోగం.

కొలరాడోలో ట్రినిడాడ్ స్టేట్ కాలేజీ లాంటివి ఉన్నాయి, మంచి చదువే. కానీ వీసా మీద ఉన్న విదేశీయుడు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికే అక్కడి ఫెడరల్ చట్టం అడ్డు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. సైనిక ఆయుధాల సాంకేతిక సమాచారం విదేశీయులకు చూపించడం మీద వేరే నిబంధనలున్నాయి. ఇంక దూరవిద్యలో వచ్చే సర్టిఫికెట్ సంగతి: అది మన దగ్గర ఏ ఉద్యోగానికీ అర్హత కాదు. అక్కడి పట్టభద్రుల్లోనూ చాలామంది మొదట దుకాణం కౌంటర్ వెనుకో, ఫ్యాక్టరీలో వారంటీ రిపేర్ల దగ్గరో మొదలుపెడతారు.

అపోహ: ఎయిర్ రైఫిల్ ఆటబొమ్మ, దాంట్లో పనేముంది?

పని ఉంది, అదీ పెరుగుతున్న పని. బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో షూటింగ్ అకాడెమీలు ఉన్నాయి. సీళ్లు, ఓ-రింగులు, రెగ్యులేటర్లు, ట్రిగ్గర్ సర్దుబాట్లు ఎప్పుడూ ఉంటాయి. పోటీకి పోయే పిల్లకు ట్రిగ్గర్ బరువు కొన్ని గ్రాములు తేడా వచ్చినా తెలిసిపోతుంది. చట్టం భయం లేకుండా చెయ్యి సాధన చేసుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అకాడెమీ కోచ్‌ను కలిసి, "రేంజ్ శుభ్రం చేస్తా, రైఫిళ్ల సర్వీసు దగ్గర కూర్చోనివ్వండి సార్" అని అడగండి. రెండు చోట్ల వద్దంటారు, మూడో చోట రమ్మంటారు.

అపోహ: పని వస్తే చాలు, కేసులూ గీసులూ ఎవరు చూస్తారు?

ఈ రంగంలో అన్నిటికంటే ముందు చూసేది అదే. ఎన్నికల ముందు ఊర్లో గొడవలుంటే తహసీల్దారు దగ్గర బైండోవర్ చేస్తారు, మనకు కొత్తేం కాదు. అందులో మీ పేరు ఉంటే వెరిఫికేషన్‌లో బయటికి వస్తుంది. ఉన్న కేసు దాచిపెట్టడం ఇంకా పెద్ద తప్పు, చేరిన తర్వాత కూడా తీసేస్తారు. ఉంటే ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి, కోర్టు కాగితం జత చేయండి.

పెళ్లి ఊరేగింపులో ఎవరిదో రివాల్వర్ పట్టుకుని దిగిన ఫొటో మీ స్టేటస్‌లో ఉందా? ఈ రోజే తీసేయండి. సంబరానికి గాల్లో కాల్చినా రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇదీ 2019 సవరణే. ఫ్యాక్టరీ వాళ్లు మీ ఇన్‌స్టా చూడరనుకోకండి.

అపోహ: దరఖాస్తులో "తుపాకులంటే చిన్నప్పటినుంచి ఇష్టం" అని రాస్తే సంతోషిస్తారు.

భయపడతారు. ఆ వాక్యం తీసేయండి. దాని బదులు మీరు వర్క్‌షాపులో చేసిన జాబ్‌లు (తయారుచేసిన ముక్కలు) రాయండి: ఏ లోహం, ఏ యంత్రం, ఎంత టాలరెన్స్‌లో పూర్తిచేశారు. వెర్నియర్, మైక్రోమీటర్, డయల్ గేజ్, ప్లగ్ గేజ్‌లలో మీకు నిజంగా వచ్చినవి రాయండి. మైక్రోమీటర్ చేతికిచ్చి కొలవమంటారు, వందో వంతు మిల్లీమీటరు తప్పితే అక్కడే తెలిసిపోతుంది. ఐటీఐలో చేసిన మగ-ఆడ ఫిట్టింగ్ జాబ్ (ఒకదాంట్లో ఒకటి ఇమిడే రెండు ముక్కలు) మీ దగ్గర ఇంకా ఉంటే నూనె రాసి, గుడ్డలో చుట్టుకుని ఇంటర్వ్యూకు తీసుకుపోండి. దాన్ని బల్ల మీద పెడితే అవతల కూర్చున్న ఇంజనీరు తప్పకుండా చేతిలోకి తీసుకుంటాడు. రెండు ముక్కలూ కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని సందు చూస్తాడు.