నల్లంచికి పెట్టే పురుగు

వేసవి రాగానే పిట్టగోడ మీద మట్టి మూకుడులో నీళ్ళు పోసి, పక్కనే గుప్పెడు నూకలు చల్లడం పర్లాకిమిడి తెలుగిళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఆ నూకలకు పిచ్చుకలూ పావురాలూ వస్తాయి గాని, మా ప్రహరీ గోడ కన్నంలో గూడు పెట్టుకునే పెద్ద నల్లంచి (మ్యాగ్‌పై రాబిన్ అనే పిట్ట) జంట వాటి వైపు కన్నెత్తి చూడదు, ఎందుకంటే దాని ఆహారం ప్రధానంగా పురుగులే. గింజలు తినే పిచ్చుక కూడా గుడ్డు నుంచి బయటపడిన పిల్లలకు తొలి రోజుల్లో మెత్తటి పురుగులనే తెచ్చి పెడుతుంది. పెరళ్ళు సిమెంటు గచ్చులైపోయిన వీధుల్లో ఆ పురుగులు దొరకడం కష్టమే కాబట్టి, వాటిని మనమే పెంచి పెట్టవచ్చునా అన్న ఆలోచన సహజంగా వస్తుంది.

అందుకు అనువైనది మీల్‌వార్మ్. పేరు విని ఇది వానపాము జాతిదని అనుకోనక్కరలేదు. టెనెబ్రియో మోలిటర్ అనే నల్లటి పెంకుపురుగుకు ఇది లార్వా దశ, అంటే పిల్లపురుగు. పాత గోధుమపిండిలో కనిపించే ఎర్రటి చిన్న పిండిపురుగుది కూడా ఇదే కుటుంబం, కాబట్టి పెంచే పళ్ళేన్ని బియ్యం బస్తాలున్న గదిలో మాత్రం పెట్టకూడదు. బతికున్న మీల్‌వార్మ్ బరువులో సుమారు 62 శాతం నీరు, 19 శాతం మాంసకృత్తులు, 13 శాతం కొవ్వు ఉంటాయి.

మొదటి చిక్కు కొనడంలోనే ఎదురవుతుంది. రంగు చేపలూ పంజరపు పక్షులకు మేతా అమ్మే దుకాణాల్లో మీల్‌వార్మ్ పేరుతోనే జోఫోబాస్ అనే మరో పురుగును, అంటే సూపర్‌వార్మ్‌ను, ఇవ్వడం కద్దు. బరంపురంలో ఒక దుకాణం నుంచి నేను తెచ్చినవి అవే. రెండు నెలలు మేపినా ఒక్కటీ ప్యూపా (పెంకుపురుగుగా మారే ముందరి కదలని దశ) కాలేదు, ఎందుకంటే గుంపుగా ఉన్నంతకాలం ఆ జాతి లార్వా ప్యూపాగా మారడం వాయిదా వేసుకుంటుంది. ఒక్కొక్కదాన్ని విడిగా ఉంచితేనే మారుతుంది. మీల్‌వార్మ్ అంగుళానికి కాస్త అటూ ఇటూ పెరుగుతుంది, సూపర్‌వార్మ్ దాదాపు రెండంగుళాలు ఉంటుంది. కొనేముందు ఆ కొలత చూసుకుంటే చాలు.

మేతకు గోధుమ తౌడు శ్రేష్ఠం. మన ప్రాంతంలో చవకగా దొరికేది బియ్యపు తౌడే అయినా, అందులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టడం వల్ల అది కొద్ది రోజుల్లోనే ముక్కిపోతుంది. పిండిమరలో జల్లించగా మిగిలిన గోధుమ తౌడును రెండు మూడు రోజులు ఫ్రీజరులో ఉంచి, అందులో ముందే చేరిన నల్లులూ (మంచపు నల్లులు కావు, మైట్లు అనే అతి చిన్న జీవులు) పురుగులూ చచ్చాక, నున్నటి ప్లాస్టిక్ పళ్ళెంలో రెండంగుళాల మందాన పరచాలి. నున్నటి గోడలను ఇవి ఎక్కలేవు కనుక మూత అక్కరలేదు, కాని బల్లి పడకుండా దోమతెర గుడ్డ కప్పడం మంచిది. చీమల సంగతి మన అమ్మలకు కొత్త కాదు: అరిసెల డబ్బాను పెట్టినట్టే పళ్ళేన్ని నీళ్ళున్న వెడల్పాటి తాంబాళంలో ఇటుక మీద నిలపాలి. తడి కోసం క్యారెట్ ముక్కో, చిలగడదుంప ముక్కో వేసి, బూజు పట్టకముందే తీసేయాలి.

25 నుంచి 28 డిగ్రీల వేడిమిలో గుడ్డు నుంచి పెంకుపురుగు దాకా జరిగే మార్పులకు మూడు నాలుగు నెలలు పడుతుంది. లార్వా పెరిగే కొద్దీ కుబుసం విడుస్తుంది. అప్పుడే విడిచినది పాలలా తెల్లగా, మెత్తగా ఉంటుంది, పిట్టపిల్లలకు పెట్టదగినది అదే. ప్యూపా కదలకుండా పడి ఉన్నట్టు కనిపించినా, వేలితో తాకితే పొట్టను మెలికలు తిప్పుతుంది. పెంకుపురుగులు తమ గుడ్లనూ ప్యూపాలనూ కూడా తినేస్తాయి గనుక, రెండు వారాలకొకసారి పెంకుపురుగులను ఏరి వేరే పళ్ళెంలోకి మార్చాలి. ఆడది తన జీవితకాలంలో వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. నల్లంచి గూడు కట్టే మార్చికి పురుగులు అందాలంటే పళ్ళెం అక్టోబరులోనే మొదలవ్వాలి, ఎందుకంటే చలికాలంలో ఎదుగుదల నెమ్మదిస్తుంది.

ఈ పురుగు శరీర నిర్మాణంలో నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది నీటి పొదుపు. దాని విసర్జక నాళికలు పేగు చివరి భాగాన్ని చుట్టుకొని, బయటకు పోబోయే తేమను వెనక్కి లాగేస్తాయి. గాలిలో తేమ సుమారు 88 శాతం దాటితే ఆ గాలి నుంచే నీటిని పీల్చుకోగలవు. పొడి తౌడులో నీటి చుక్క లేకుండా బతకడం వెనక కిటుకు ఇదే. అయితే మన వానాకాలపు ఉక్కలో తౌడు ముద్దకట్టి నల్లులు పడతాయి, కనుక ఆ నెలల్లో దుంప ముక్కలు మానేసి తౌడును పలచగా పరచాలి. వేడి 35 డిగ్రీలు దాటితే పురుగులకు ప్రమాదం, కాబట్టి మే నెలలో పళ్ళేనికి స్థానం ఇంట్లోని చల్లటి నేల మీదే. పళ్ళెం జల్లించేటప్పుడు లేచే ధూళి కొందరికి తుమ్ములూ దద్దుర్లూ తెస్తుంది. రొయ్యలు పడనివారికి ఈ పురుగూ పడకపోవచ్చు కనుక వారు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం ఉత్తమం.

ఇక పెట్టడం. మీల్‌వార్మ్‌లో భాస్వరంతో పోలిస్తే కాల్షియం పదిహేడో వంతు మాత్రమే ఉండడం దీని పెద్ద లోపం. గుడ్లు పెట్టే తల్లికీ, ఎముకలు గట్టిపడే పిల్లలకూ అది చాలదు. కడిగి ఎండబెట్టిన కోడిగుడ్డు పెంకును మెత్తగా దంచి, పురుగులను ఆ పొడిలో ఒకసారి పొర్లించి పెట్టాలి. పూటకు పది పదిహేనుకు మించి నేను పెట్టను, తక్కినది తోటలో వెతుక్కోవలసిందే. పింగాణీ సాసరులో వేసి గూటికి నాలుగడుగుల దూరంలో ఉంచితే, మగ నల్లంచి ముందు తోక నిక్కబొడిచి చుట్టూ చూస్తుంది, ఒక పురుగును ముక్కున కరిచి గోడకేసి రెండు దెబ్బలు కొడుతుంది, అది మెత్తబడ్డాక కన్నంలోకి దూరుతుంది.