సైన్స్ ఫెయిర్ స్టాల్ దగ్గర జడ్జీలు ఏం చూస్తారు? కొన్ని అపోహలు - వాస్తవాలు

హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. సైన్స్ ఫెయిర్లకు మా పిల్లల వెంట గైడ్ టీచర్‌గా వెళ్తుంటాను, పిలిచినచోట జడ్జీగానూ ఉంటాను. ఏటా వినే మాటలివి.

అపోహ: మోడల్ పెద్దగా ఉండాలి, లైట్లు వెలగాలి.

వాస్తవం: సిరంజీల జేసీబీ, థర్మాకోల్ స్మార్ట్ సిటీ, కిట్ కొని బిగించిన నేల తేమ సెన్సర్ ప్రతి ఫెయిర్‌లోనూ కనిపిస్తాయి. "ఇందులో నువ్వు చేసిందేమిటమ్మా?" అనగానే పిల్లలు గైడ్ టీచర్ వైపు చూస్తారు. ఇన్‌స్పైర్ మనక్‌లో (బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం పెట్టే అవార్డుల పోటీ) చూసేది కొత్తదనం, సమాజానికి ఉపయోగం, పర్యావరణానికి హాని లేకపోవడం, వాడకంలో సులువు, ఇప్పుడున్న వాటికన్నా మెరుగ్గా ఉండటం. సైజు ఊసే లేదు.

అపోహ: ప్రయోగం పనిచేసిందని చూపిస్తే చాలు.

వాస్తవం: మునగ గింజల పొడితో బురదనీళ్లు తేర్చే ప్రాజెక్టే తీసుకుందాం. (వెనకటికి చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవారు, కాబట్టి నాయనమ్మలకు ఇదేం వింత కాదు.) బల్ల మీద రెండు సీసాలుంటాయి, ఒకటి బురద, ఒకటి తేట. నేను అడిగేది ఒకటే: "పొడి వేయకుండా అంతసేపూ కదపకుండా ఉంచితే ఏమయ్యేది?" మట్టి దానంతటదే కొంత అడుక్కి దిగుతుంది కదా! పొడి వేయని మూడో సీసా లేకపోతే, నీళ్లు తేరింది పొడి వల్లో ఆగడం వల్లో తేల్చలేం.

తర్వాత, లీటరుకు ఎంత పొడి? మోతాదు మార్చి చూశావా? ఒక్కో మోతాదుకు మూడుసార్లైనా చేశావా? తేటదనం కొలవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. పొడవాటి గాజు జాడీని న్యూస్‌పేపర్ మీద పెట్టి, పైనుంచి చూస్తూ నీళ్లు పోయాలి. అక్షరాలు కనబడకుండా పోయిన లోతును స్కేలుతో కొలిస్తే పట్టికలో రాసుకోవడానికి ఒక అంకె దొరుకుతుంది.

"తాగొచ్చా?" అనీ అడుగుతాం. "తాగొచ్చు సార్" అన్నారో మార్కులు తగ్గినట్టే. నీళ్లు తేరినంత మాత్రాన సూక్ష్మజీవులన్నీ పోవు, మరిగించాల్సిందే.

అపోహ: అనుకున్న ఫలితం రాకపోతే ఆ అంకె తీసేయాలి.

వాస్తవం: గింజలోని ప్రోటీన్‌కు ధనావేశం, బంకమట్టి రేణువులకు ఋణావేశం ఉంటాయి. రెండూ అతుక్కుని గడ్డలై దిగుతాయి. పొడి మరీ ఎక్కువైతే రేణువులన్నిటికీ ధనావేశమే పట్టి, ఒకదాన్నొకటి నెట్టుకుని నీళ్లు మళ్లీ మసకబారవచ్చు. 'తప్పొచ్చింది' అని కొందరు దాచేసే అంకె అదే! నాకైతే పట్టిక మొత్తంలో ముందు దాని గురించే అడగాలనిపిస్తుంది.

అపోహ: ఇంగ్లీషులో బట్టీ పట్టించాలి.

వాస్తవం: మధ్యలో ఒక్క ప్రశ్న వేస్తే చాలు, పాపం, మళ్లీ "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ జడ్జెస్" నుంచి మొదలుపెడతారు. జిల్లా స్థాయిలో తెలుగులో హాయిగా చెప్పనివ్వండి.

అపోహ: "తెలీదు" అంటే మార్కులు పోతాయి.

వాస్తవం: పోవు. "తెలీదు సార్, చెరువు నీళ్లతో చేసి చూస్తే తెలుస్తుందేమో" అన్న పిల్లకు నేను ఎక్కువే వేస్తాను.

చార్టు సంగతికొస్తే, అక్షరాలు దూరం నుంచి కనబడితే చాలు, మెరుపు కాగితాలు వద్దు. దాని పక్కన ప్రయోగం చేసిన రోజుల్లో రాసుకున్న రఫ్ నోట్సు పెట్టండి. కొట్టివేతలు, నీటి మరకలు ఉన్నా సరే, తల్లిదండ్రులెవరూ దాన్ని ఫెయిర్ చేసి ఇవ్వొద్దు. కొట్టేసిన అంకెలు కనిపిస్తే, ఎందుకు కొట్టేశావని అడగడానికి మాకూ వీలుంటుంది.